కదలికల లెక్క: ఉపాధి, నిరుద్యోగం, శ్రామికశక్తి వెలుపలి స్థితుల మధ్య మార్పుల కొలతపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

నిరుద్యోగ రేటు, శ్రామికశక్తి భాగస్వామ్య రేటు ఒక నిర్దిష్ట కాలంలో ఎంతమంది ఏ స్థితిలో ఉన్నారో చెబుతాయి. ఎవరు ఏ స్థితి నుండి ఏ స్థితికి మారారో చెప్పవు. ఆ మార్పులను తెలుసుకోవాలంటే ఒకే వ్యక్తిని వేర్వేరు కాలాల్లో మళ్ళీ మళ్ళీ పలకరించే సర్వే అవసరం. భారతదేశంలో ఆవర్తక శ్రామికశక్తి సర్వే 2017 నుండి పట్టణాలలోనూ, 2025 నుండి గ్రామాలలోనూ ఇందుకు వీలు కల్పించింది. అయితే ఉపాధికీ, ఇంటిపనికీ మధ్య గీత పలుచగా ఉన్న సమాజంలో కనిపించే కదలికలన్నీ నిజమైనవి కావు. నిజమైన కదలికలన్నీ కనిపించవు. ఈ రెండు దోషాల స్వభావాన్ని, ప్రత్యేకించి గ్రామీణ స్త్రీల శ్రమ విషయంలో వాటి పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శ్రామికశక్తి, స్థూల ప్రవాహాలు, పరివర్తన పట్టిక, వర్గీకరణ దోషం, ఆవర్తక శ్రామికశక్తి సర్వే, స్త్రీల శ్రమ.

1. ఉపోద్ఘాతం:

2020 జనవరి–మార్చి త్రైమాసికంలో భారత పట్టణ ప్రాంతాల నిరుద్యోగ రేటు 9.1 శాతం. లాక్‌డౌన్ అమలైన ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో అది 20.8 శాతానికి చేరింది. జులై–సెప్టెంబరు నాటికి 13.2 శాతానికి దిగింది. ఇవి 15 ఏళ్ళు, అంతకు పైబడినవారికి వారపు స్థితి ప్రాతిపదికన జాతీయ గణాంక కార్యాలయం ప్రకటించిన అంకెలు. ఈ మూడు అంకెలను వరుసగా చదివినప్పుడు ఒక కథ దానంతటదే తయారవుతుంది: పనులు పోయాయి, తరువాత చాలావరకు తిరిగి వచ్చాయి. ఆ కథ నిజం కావచ్చు. కానీ ఆ మూడు అంకెలు మాత్రమే దానిని నిరూపించవు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడవచ్చు. ఒక పట్టణంలో శ్రామికశక్తి 500 మంది. వారిలో 100 మంది నిరుద్యోగులు. నిరుద్యోగ రేటు 20 శాతం. తరువాతి త్రైమాసికంలో ఆ 100 మందిలో 40 మందికి పని దొరికితే మిగిలిన నిరుద్యోగులు 60 మంది. రేటు 12 శాతం. అలాకాక ఆ 40 మందిలో ఒక్కరికీ పని దొరకక, వెతికి వేసారి ఇంట్లో కూర్చుంటే శ్రామికశక్తి 460కి తగ్గుతుంది. నిరుద్యోగులు 60 మందే కనుక రేటు సుమారు 13 శాతం. మొదటిది కోలుకోవడం, రెండవది ఆశ వదులుకోవడం. నిరుద్యోగ రేటు ఈ రెండింటికీ దాదాపు ఒకే అంకె చూపుతుంది. భాగస్వామ్య రేటును పక్కన పెట్టి చదివితే కొంత తేడా తెలుస్తుంది. అయితే అదే సమయంలో మరో 40 మంది కొత్తగా శ్రామికశక్తిలోకి వచ్చి ఉంటే ఆ తేడా కూడా చెరిగిపోతుంది.

ఈ సందిగ్ధతను తొలగించడానికే అర్థశాస్త్రంలో స్థూల ప్రవాహాల విశ్లేషణ ఏర్పడింది. దాని ప్రయోజనం నిర్వివాదం. కానీ భారతీయ పరిస్థితులలో, అందునా తెలుగు ప్రాంతాల వంటి వ్యవసాయ, వలస కూలి ఆధారిత సమాజాలలో, ఆ విశ్లేషణ ఆధారపడిన వర్గాలు ఎంతవరకు నిలబడతాయన్నది వేరుగా విచారించవలసిన ప్రశ్న.

2. నిలువ – ప్రవాహం:

చెరువు నీటిమట్టం నిన్నా నేడూ ఒకటే ఉన్నంత మాత్రాన చెరువులో నీరు కదలలేదని రైతు అనుకోడు. వాగు నుండి ఎంత వచ్చిందో, తూము గుండా, అలుగు మీదుగా ఎంత పోయిందో తెలియాలి. నిరుద్యోగ రేటు నీటిమట్టం వంటిది. స్థూల ప్రవాహాలు రాకపోకల లెక్క.

పని చేయగల వయసులోని ప్రతి వ్యక్తి ఏ సమయంలోనైనా మూడు స్థితులలో ఒకదానిలో ఉంటాడు: ఉపాధి, నిరుద్యోగం, శ్రామికశక్తికి వెలుపల. రెండు కాలాలలో ఒకే వ్యక్తి స్థితిని నమోదు చేస్తే తొమ్మిది గళ్ళ పట్టిక వస్తుంది. అందులో మూడు గళ్ళు ఉన్నచోటే ఉన్నవారివి. మిగిలిన ఆరు గళ్ళు మారినవారివి. దీనినే పరివర్తన పట్టిక అంటారు. నికర మార్పు సున్నా అయినా ఈ ఆరు గళ్ళలో లక్షలమంది ఉండవచ్చు. కొద్దిమందే దీర్ఘకాలం పనిలేకుండా ఉన్న సమాజానికీ, చాలామంది కొద్దికాలం చొప్పున పనిలేకుండా ఉండే సమాజానికీ నిరుద్యోగ రేటు ఒకటే కావచ్చు. కానీ మొదటి సమాజానికి శిక్షణ, పునరావాసం కావాలి. రెండవదానికి ఆదాయ భద్రత, పని స్థిరత్వం కావాలి.

అమెరికాలో ప్రస్తుత జనాభా సర్వే ఈ లెక్కకు చిరకాల ఆధారం. ఆ సర్వేలో ఎంపికైన కుటుంబం వరుసగా 4 నెలలు ప్రశ్నలకు సమాధానమిస్తుంది. తరువాత 8 నెలలు విరామం. మళ్ళీ 4 నెలలు. దీనివల్ల ఒక నెలకూ తరువాతి నెలకూ నమూనాలో నాలుగింట మూడు వంతులు ఉమ్మడిగా ఉంటాయి. ఒక ఏటి నెలకూ మరుసటి ఏటి అదే నెలకూ సగం ఉమ్మడిగా ఉంటుంది. ఈ రెండవ లక్షణం ప్రాముఖ్యం ఋతువుల చర్చలో స్పష్టమవుతుంది.

3. భారతీయ కొలత పూర్వరంగం:

భారతదేశంలో ఉపాధిని కొలవడంలోని చిక్కును తొలుత లోతుగా పట్టుకున్నది ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన ఏర్పడి 1970లో నివేదిక ఇచ్చిన నిపుణుల సంఘం. జీతభత్యాల ఉద్యోగాలు ప్రధానమైన దేశాల కొలమానాన్ని స్వయం ఉపాధి, కుటుంబ శ్రమ, ఋతువుల వారీ కూలి ప్రధానమైన దేశానికి యథాతథంగా తెస్తే అది అతకదని ఆ సంఘం గుర్తించింది. ఆ ఆలోచన ఫలితంగా 1972–73 నాటి 27వ విడత నుండి జాతీయ నమూనా సర్వేలలో మూడు కొలతలు స్థిరపడ్డాయి. 365 రోజులను పరిగణించే సాధారణ స్థితి, గడచిన 7 రోజులను పరిగణించే వారపు స్థితి, ఆ 7 రోజులలో ప్రతి రోజునూ అరపూటల వారీగా చూసే దినసరి స్థితి అనేవి ఆ మూడు.

ఈ మూడింటిలో దినసరి స్థితి ఒక విధంగా కదలికల కొలతకు బీజం. సోమవారం నాట్లకు వెళ్ళి, మంగళ, బుధవారాలు పిలుపు లేక ఖాళీగా ఉండి, గురువారం ఇంటిపనికే పరిమితమైన కూలి మనిషి వారంలోనే మూడు స్థితులనూ చుట్టి వచ్చినట్టు అది చూపగలదు. కానీ అది మనిషిని లెక్కించదు, మనిషి–దినాలను లెక్కిస్తుంది. పైగా ఒక వారం దాటి అనుసరించదు. అయిదేళ్ళకోసారి జరిగిన పెద్ద సర్వేలు 2011–12 వరకు కొనసాగాయి. ప్రతిసారీ కొత్త కుటుంబాలనే ఎంపిక చేశాయి. కాబట్టి నాలుగు దశాబ్దాల విస్తారమైన దత్తాంశంలో నిలువల చరిత్ర ఉంది గాని, ప్రవాహాల చరిత్ర లేదు.

2017 ఏప్రిల్‌లో మొదలైన ఆవర్తక శ్రామికశక్తి సర్వే ఈ లోటును కొంత తీర్చింది. పట్టణాలలో ఎంపికైన కుటుంబాన్ని మూడు నెలలకోసారి చొప్పున నాలుగుసార్లు సందర్శించారు. గ్రామాలలో మాత్రం ఒక్కసారే వెళ్ళారు. అంటే 2024 చివరి వరకు దేశ జనాభాలో అధిక భాగం నివసించే పల్లెలకు సంబంధించి ఈ సర్వే నుండి పరివర్తన పట్టిక తయారు చేయడానికే వీలులేదు. 2025 జనవరి నుండి నమూనా రూపం మారింది. గ్రామాలలోనూ పట్టణాలలోనూ ప్రతి కుటుంబాన్ని వరుసగా 4 నెలలు, నెలకోసారి సందర్శిస్తున్నారు. నెలవారీ నివేదికలు 2025 ఏప్రిల్ అంకెలతో ఆరంభమయ్యాయి. గ్రామీణ భారతదేశ శ్రమ కదలికలను జాతీయ స్థాయిలో తరచుగా చూడగల అవకాశం ఈ మార్పుతో ఏర్పడింది. అందువల్లనే ఆ అవకాశపు పరిమితులను ముందుగా గుర్తించడం అవసరం.

4. గీత ఎక్కడ గీయాలి?

సర్వేలో ప్రతి వ్యక్తికీ రెండంకెల సంకేతం ఇస్తారు. సొంతంగా వ్యవసాయమో, వ్యాపారమో చేసేవారికి 11. కుటుంబ వృత్తిలో జీతం లేకుండా సహాయపడేవారికి 21. సాధారణ దినకూలీకి 51. పని వెతుకుతున్నవారికి 81. వెతకకపోయినా, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవారికి 82. ఇంటిపనికే పరిమితమైనవారికి 92. ఇంటిపనితో పాటు ఇంటి వాడకానికి కట్టెలు, ఆకుకూరలు ఏరడం, బట్టలు కుట్టడం వంటివి చేసేవారికి 93. వీటిలో మొదటి మూడూ ఉపాధి. 81, 82 నిరుద్యోగం. 92, 93 శ్రామికశక్తికి వెలుపల.

కాగితం మీద ఈ గీతలు స్పష్టం. ఒక పాడి రైతు ఇంటి కోడలి దినచర్య ముందు పెడితే అవి మసకబారతాయి. ఆమె తెల్లవారుజామున పేడ తీస్తుంది, గడ్డి వేస్తుంది, పాలు పితుకుతుంది. పాలకేంద్రంలో పోసి డబ్బు తెచ్చేది భర్త లేదా మామ. పాలు అమ్ముతారు కనుక ఆమెది 21. ఈ నెల గేదె వట్టిపోయి, ఉన్న కాసిని పాలు ఇంటికే సరిపోతే? ఆమె చాకిరి రవ్వంత కూడా తగ్గలేదు. కానీ సమాచారం చెప్పిన కుటుంబసభ్యుడు ‘ఇంట్లోనే ఉంటుంది’ అంటే ఆమె 92 అవుతుంది. మరుసటి నెల మరో సభ్యుడు ‘గొడ్ల పని అంతా ఆమెదే’ అంటే మళ్ళీ 21. పరివర్తన పట్టికలో ఆమె ఒకసారి ఉపాధి వదులుకుంది, మరోసారి ఉపాధిలో చేరింది. కొట్టంలో మాత్రం ఏమీ మారలేదు.

ఈ దోషం పరిమాణాన్ని సులభమైన లెక్కతో అంచనా వేయవచ్చు. నిజానికి ఉపాధిలోనే ఉండి, స్థితి ఏమాత్రం మారని 100 మంది స్త్రీలను రెండుసార్లు సర్వే చేశారనుకోవాలి. ప్రతిసారీ పదింట తొమ్మిది మందిని సరిగానే ఉపాధిలో, ఒకరిని పొరపాటున వెలుపల నమోదు చేశారనుకోవాలి. రెండు పొరపాట్లూ పరస్పర సంబంధం లేనివైతే, 9 మంది ఉపాధి నుండి వెలుపలికి పోయినట్టు, మరో 9 మంది వెలుపలి నుండి ఉపాధిలోకి వచ్చినట్టు కనిపిస్తారు. అంటే 10 శాతం పొరపాటు 18 శాతం కదలికను సృష్టించింది. రెండుసార్లూ ఉపాధి నిష్పత్తి 90 శాతమే కనుక నిలువల లెక్కలో మాత్రం ఏ అలజడీ ఉండదు. నిలువ అంకెలలో ఒకదానినొకటి రద్దు చేసుకునే పొరపాట్లు ప్రవాహాల లెక్కలో ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఈ విశ్లేషణ పద్ధతికి మూలంలోనే ఉన్న బలహీనత ఇది.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు, ఏజెన్సీ గ్రామాలలో వేసవిలో తునికాకు సేకరించే కుటుంబాలు, చేనేత ఇళ్ళలో కండెలు చుట్టే స్త్రీలు అందరూ ఈ గీతకు అటూ ఇటూ నిలిచేవారే. ఒక ఇంటికి సంబంధించిన సమాచారమంతా సాధారణంగా ఒకే వ్యక్తి చెప్పే పద్ధతి వల్ల, ఆ వ్యక్తికి ‘పని’ అంటే ఏమిటన్న దృష్టి మొత్తం కుటుంబపు అంకెలలోకి ప్రవేశిస్తుంది. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో వేతనం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్టు తేలింది. శ్రామికశక్తి సర్వే ‘వెలుపల’ అని పేర్కొన్న గడిలో ఎంత శ్రమ ఉందో ఆ అంకె చెబుతుంది.

5. దోష సవరణ – దాని హద్దులు:

వర్గీకరణ దోషం పాశ్చాత్య పరిశోధకులకు తెలియనిది కాదు. 1985లో అబౌడ్, జెల్నర్, 1986లో పొటర్బా, సమ్మర్స్ దీనికి సవరణ పద్ధతులు ప్రతిపాదించారు. సర్వే సంస్థ కొన్ని కుటుంబాలను కొద్దిరోజుల తేడాతో మళ్ళీ ప్రశ్నించి సమాధానాలను సరిపోల్చుతుంది. ఆ తేడాల ఆధారంగా పొరపాటు సంభావ్యతను అంచనా వేసి, పరివర్తన పట్టికను సరిచేస్తారు. పొటర్బా, సమ్మర్స్ అధ్యయనంలో ఈ సవరణ తరువాత అమెరికా శ్రామిక విపణి అంతకు ముందు కనిపించినంత చంచలంగా కనిపించలేదు. సవరణ లేని అంకెలు నిరుద్యోగ కాలాన్ని తక్కువగానూ, శ్రామికశక్తి ప్రవేశ నిష్క్రమణలను అనేక రెట్లు ఎక్కువగానూ చూపుతున్నాయని వారు తేల్చారు.

ఈ పద్ధతి రెండు భావనలపై ఆధారపడి ఉంది. ఒకటి, పునఃప్రశ్నలో తేలిన సమాధానమే సత్యం. రెండు, మొదటి నెల పొరపాటుకూ రెండవ నెల పొరపాటుకూ సంబంధం లేదు. భారతీయ గ్రామీణ సందర్భంలో ఈ రెండూ సందేహాస్పదమే. గుమాస్తా సంకేతం తప్పుగా వేస్తే అది యాదృచ్ఛికమైన పొరపాటు. మరుసటిసారి సరి కావచ్చు. కానీ కోడలి గొడ్ల చాకిరిని ఆ ఇంట్లో ఎవరూ పనిగా భావించకపోతే ఎన్నిసార్లు అడిగినా ఒకే సమాధానం వస్తుంది. పునఃప్రశ్న ఆ దోషాన్ని పట్టుకోలేదు సరికదా, రెండు సమాధానాలూ సరిపోయాయి కనుక దానికి సత్యముద్ర వేస్తుంది.

కనుక దోషం రెండు రకాలు. చంచలమైన దోషం లేని కదలికను సృష్టిస్తుంది. స్థిరమైన దోషం ఉన్న కదలికను దాచుతుంది. నాట్ల కాలంలో 30 రోజులు సొంత పొలంలో పనిచేసి, తరువాత ఇంటికి పరిమితమైన స్త్రీని నాలుగు నెలలూ 92గానే నమోదు చేస్తే, నిజంగా జరిగిన ప్రవేశ నిష్క్రమణలు రెండూ మాయమవుతాయి. మొదటి దోషానికి గణితంలో మందు ఉంది. రెండవదానికి మందు ప్రశ్నావళిలో, ప్రశ్నించే తీరులో, ఎవరిని ప్రశ్నిస్తున్నారన్న దానిలో మాత్రమే ఉంది.

సర్వేల మధ్య తేడాలు కూడా దీనినే సూచిస్తాయి. భారత ఆర్థిక వ్యవస్థ పర్యవేక్షణ కేంద్రం నిర్వహించే వినియోగదారుల గృహ సర్వే నాలుగు నెలలకోసారి అవే కుటుంబాలను దర్శిస్తుంది. దాని ఆధారంగా అశ్వినీ దేశ్‌పాండే, జితేంద్ర సింగ్ చేసిన అధ్యయనం స్త్రీలు శ్రామికశక్తిలోకి ఒకసారి వచ్చి ఒకసారి పోవడం కాక, తరచుగా వస్తూ పోతూ ఉంటారని చూపింది. స్త్రీలు పనిని వదిలేశారన్న ఏకముఖ కథనాన్ని ఇది సమర్థంగా ప్రశ్నించింది. అయితే ఇదే సర్వేను ఆవర్తక సర్వేతో పోల్చిన రోసా అబ్రహాం, ఆనంద్ శ్రీవాస్తవల పరిశీలన పురుషుల అంకెలు చాలావరకు పొసగుతాయనీ, స్త్రీల అంకెలలోనే పొంతన కుదరదనీ తెలిపింది. పురుషుల విషయంలో పొసగి స్త్రీల విషయంలో పొసగకపోవడానికి నమూనా ఎంపిక ఒక్కటే కారణం కాజాలదు. గీత పలుచనైన చోటే కొలత తడబడుతున్నదని భావించడానికి ఇది బలమైన ఆధారం.

6. కాలవ్యవధి – ఋతుచక్రం:

వారపు స్థితి ప్రకారం 7 రోజులలో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేసినవారు ఉపాధిలో ఉన్నట్టే. ఉపాధికి తొలి ప్రాధాన్యం, నిరుద్యోగానికి రెండవది, వెలుపలి స్థితికి చివరిది. ఈ ప్రాధాన్య క్రమం నిలువల లెక్కకు అంతర్జాతీయంగా ఆమోదించినదే. కదలికల లెక్కలో మాత్రం అది ఒక జల్లెడలా పనిచేస్తుంది. వారానికి ఆరు రోజులు పని ఉన్న మేస్త్రీకి మరుసటి నెల ఒక్క రోజే పని దొరికితే పట్టికలో అతడు ‘ఉపాధి–ఉపాధి’ గడిలోనే ఉంటాడు. ఆదాయం ఆరో వంతుకు పడిపోయినా అతడు కదలనట్టే లెక్క. అనిశ్చిత కూలి ప్రధానమైన చోట సంక్షోభం స్థితి మార్పుగా కంటే పనిదినాల క్షీణతగా ముందు వ్యక్తమవుతుంది. మూడు స్థితుల పట్టిక దానిని చూడలేదు.

ఇక ఋతువుల సమస్య. తెలంగాణ పల్లెలో జూన్–సెప్టెంబరు మధ్య విత్తనాలు, నాట్లు, కలుపు తీతలు. అక్టోబరు నుండి పత్తి ఏరడం, వరి కోతలు. జనవరి తరువాత మిరప కోతలు. ఎండాకాలంలో ఉపాధి హామీ పనులు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఆ పథకం వ్యవసాయ పనులు లేని కాలానికి ఆసరాగా రూపొందిందే. ఈ చక్రం పూర్తి కావడానికి 12 నెలలు పడుతుంది. ఇప్పటి సర్వే ఒక కుటుంబాన్ని చూసేది 4 నెలలు. ఫిబ్రవరిలో నమూనాలో చేరిన కుటుంబం మే నాటికి బయటికి వెళ్తుంది. జూన్‌లో చేరినది సెప్టెంబరుకు వెళ్తుంది. మొదటిదానిలో మిరప కోతల నుండి పనిలేమికి, రెండవదానిలో పనిలేమి నుండి నాట్లకు కదలిక కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలోని రెండు ఘట్టాలా, లేక ఇద్దరు వేర్వేరు మనుషుల రెండు భిన్నమైన గతులా అన్నది తెలియదు. గతంలో పట్టణాలకు అమలైన త్రైమాసిక పద్ధతిలో నాలుగు సందర్శనలు కలిసి దాదాపు ఒక సంవత్సరాన్ని తాకేవి. నెలవారీ వేగాన్ని సాధించే క్రమంలో ఆ నిడివి పోయింది. అమెరికా నమూనాలోని 8 నెలల విరామం తరువాత తిరిగి రావడం అనే లక్షణం ఇక్కడ లేదు.

వలస దీనిని మరింత జటిలం చేస్తుంది. పాలమూరు నుండి కాలువ, భవన నిర్మాణ పనులకు తరలిపోయే కుటుంబం తాళం వేసిన ఇల్లుగా మిగులుతుంది. రెండు సందర్శనలలోనూ దొరికినవారితోనే పరివర్తన పట్టిక తయారవుతుంది కనుక, అందరికంటే ఎక్కువగా కదిలినవారే అందులోంచి జారిపోతారు. కదలికలను కొలిచే సాధనం కదలనివారి వైపు మొగ్గుతుంది.

దీర్ఘకాలం ఒకేచోట పరిశీలించడం అసాధ్యం కాదని తెలుగు నేలపైనే నిరూపణ జరిగింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో ఆరంభించిన గ్రామ అధ్యయనాలలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఆరేపల్లె, దోకూరు ఉన్నాయి. పరిశోధకులు ఊళ్ళోనే నివసించి, కొద్ది వారాలకోసారి అవే కుటుంబాల పనిదినాలను, కూలిని, ఖర్చును ఏళ్ళ తరబడి నమోదు చేశారు. ఆ పద్ధతిని దేశమంతటికీ విస్తరించడం సాధ్యం కాదు. కానీ జాతీయ సర్వే అంకెలలోని కదలికలలో ఏవి నిజమో, ఏవి నమోదు దోషమో తేల్చడానికి అటువంటి గ్రామాలు గీటురాళ్ళుగా ఉపయోగపడగలవు.

7. నిరుద్యోగం, నిష్క్రమణ – రెండూ వేరా?

మూడు స్థితుల పట్టిక నిరుద్యోగానికీ, శ్రామికశక్తి వెలుపలికీ స్పష్టమైన భేదం ఉందని భావిస్తుంది. ఈ భావనపై వాదం పాతదే. 1979లో క్లార్క్, సమ్మర్స్ అమెరికాలో నిరుద్యోగ దశలు సగానికి దగ్గరగా పని దొరకడంతో కాక, వెతకడం మానడంతోనే ముగుస్తున్నాయని చూపి ఆ భేదం బలహీనమైనదన్నారు. 1983లో ఫ్లిన్, హెక్‌మన్ యువకుల దత్తాంశాన్ని పరీక్షించి, ఆ రెండు స్థితులనుండి ఉపాధిలోకి చేరే అవకాశాలు భిన్నంగా ఉన్నాయి కనుక అవి వేరే అన్నారు. 1999లో జోన్స్, రిడెల్ కెనడా దత్తాంశంతో మరో మెట్టు ఎక్కారు. పని కావాలనుకుంటూ వెతకనివారు అటు నిరుద్యోగులతోనూ, ఇటు మిగిలిన వెలుపలివారితోనూ పూర్తిగా కలవని ప్రత్యేక వర్గమని తేల్చారు. దక్షిణాఫ్రికాపై కింగ్డన్, నైట్ అధ్యయనం పని వెతకనివారు వెతికేవారికంటే మెరుగైన స్థితిలో లేరనీ, వెతకకపోవడం వారి ఇష్టమని భావించరాదనీ వాదించింది.

ఈ చర్చ నుండి గ్రహించవలసినది పద్ధతి. రెండు స్థితులు వేరా కాదా అన్నది నిర్వచనంతో తేల్చే విషయం కాదు. వాటినుండి ఉపాధిలోకి చేరే రేట్లను పోల్చి తేల్చవలసిన విషయం. భారతీయ సర్వేలో ఇందుకు సిద్ధంగా ఉన్న సాధనం 81, 82 సంకేతాల విభజన. పని వెతకకపోయినా సిద్ధంగా ఉన్నవారిని నిరుద్యోగులుగా లెక్కించడం భారతీయ కొలతలోని విశిష్టత. మేస్త్రీ పిలిస్తే పోవడమే పని వెతకడం అయిన పల్లెలో ఇది సముచితమే. 81 నుండి, 82 నుండి, 92, 93 నుండి ఉపాధిలోకి చేరే రేట్లను విడివిడిగా ప్రకటిస్తే మన సమాజంలో గీత నిజంగా ఎక్కడ ఉందో అంకెలే చెబుతాయి. అన్నింటినీ మూడు గళ్ళలోకి కుదించి ప్రకటిస్తే ఆ అవకాశం పోతుంది.

8. పర్యవసానం – స్త్రీల భాగస్వామ్య రేటు:

2017–18లో 15 ఏళ్ళు పైబడిన స్త్రీల శ్రామికశక్తి భాగస్వామ్యం సాధారణ స్థితి ప్రకారం 23.3 శాతం. 2023–24 నాటికి అది 41.7 శాతం. ఆరేళ్ళలో ఇంతటి పెరుగుదలకు మూడు వివరణలు వినిపిస్తున్నాయి. అవకాశాలు పెరిగాయన్నది ఒకటి. కుటుంబ ఆదాయాలు చాలక స్త్రీలు సొంత పనులలోకి నెట్టబడ్డారన్నది రెండవది. ఎప్పుడూ చేస్తున్న పనినే ఇప్పుడు మెరుగ్గా నమోదు చేస్తున్నారన్నది మూడవది. విధాన దృష్టితో చూస్తే మొదటిది విజయం, రెండవది హెచ్చరిక, మూడవది కేవలం లెక్క సవరణ. ఏడాదికేడాది కొత్త కుటుంబాల నిలువ అంకెలు ఈ మూడింటినీ వేరుచేయలేవు.

2025 తరువాతి గ్రామీణ దత్తాంశం గడచిన ఆరేళ్ళ గురించి నేరుగా చెప్పలేదు. అయినా ఈ వివరణలను పరీక్షించే దారి చూపగలదు. నాలుగు సందర్శనల క్రమాన్ని చూడాలి. ‘ఇల్లు–పని–ఇల్లు–పని’ అనే క్రమం, అందులోనూ 92, 21 సంకేతాల మధ్యే, అధికంగా ఉంటే నమోదు దోషం ప్రబలంగా ఉన్నట్టు అనుమానించాలి. ‘ఇల్లు–పని–పని–పని’ అధికంగా ఉంటే నిజమైన ప్రవేశమని భావించవచ్చు. ప్రవేశించినవారు 21లోకి చేరారా, 51లోకా, నెలజీతపు ఉద్యోగంలోకా అన్నదాన్ని బట్టి అది అవకాశమా, అవసరమా అన్న ప్రశ్నకు ఆధారం దొరుకుతుంది. కుటుంబంలో పురుషుడి పని పోయిన నెలలోనే స్త్రీ ప్రవేశం జరిగితే అది రెండవ వివరణకు బలమిస్తుంది. సమాచారం చెప్పిన వ్యక్తి ప్రతిసారీ ఒకరేనా, మారారా అన్నది కూడా కలిపి చూస్తే దోషపు పాలు మరింత తేటపడుతుంది. స్త్రీ తానే సమాధానం చెప్పిన నెలల్లోనే ‘ప్రవేశాలు’ జరుగుతుంటే అవి శ్రామిక విపణిలో జరిగినవి కావు, ప్రశ్నావళిలో జరిగినవి.

9. ముగింపు:

ఈ పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

• నిరుద్యోగ రేటు తగ్గుదల పని దొరకడం వల్లనా, ఆశ వదులుకోవడం వల్లనా అన్నది పరివర్తన పట్టిక లేకుండా నిర్ణయించలేము. నెలవారీ నివేదికలలో నిష్పత్తులతో పాటు ఆ పట్టికనూ ప్రకటించడం అవసరం.

• నిలువ అంకెలలో స్వల్పంగా కనిపించే వర్గీకరణ దోషం ప్రవాహాలలో దాదాపు రెట్టింపవుతుంది. పునఃప్రశ్న ఫలితాలు లేకుండా ప్రకటించిన పట్టికను జాగ్రత్తతో చదవాలి.

• పాశ్చాత్య సవరణ పద్ధతులు చంచలమైన దోషాన్ని మాత్రమే తొలగిస్తాయి. స్త్రీల శ్రమను పనిగా చూడని దృష్టి వల్ల కలిగే స్థిరమైన దోషం వాటికి అందదు. ఆ దోషాన్ని తగ్గించాలంటే స్త్రీలను స్వయంగా ప్రశ్నించాలి.

• 4 నెలల పరిశీలన ఋతుచక్రాన్ని పట్టలేదు. నమూనాలో కొంత భాగాన్నైనా మరుసటి ఏడు అదే నెలలలో తిరిగి సందర్శించే ఏర్పాటు గ్రామీణ శ్రమ అధ్యయనానికి కీలకం.

• శ్రామికశక్తికి వెలుపల అన్న గడి ఒకే వర్గం కాదు. 82, 92, 93 సంకేతాల నుండి ఉపాధిలోకి చేరే రేట్లను విడిగా చూపాలి.

యాభై ఏళ్ళ క్రితం దంత్‌వాలా సంఘం పరాయి కొలమానాన్ని ఇక్కడి జీవితానికి అనుగుణంగా మలచవలసిన అవసరాన్ని గుర్తించింది. నిలువల కొలతలో ఆ పని చాలావరకు జరిగింది. ప్రవాహాల కొలతలో అది ఇంకా మొదలుకావలసి ఉంది. గ్రామీణ దత్తాంశం ఇప్పుడిప్పుడే అందుబాటులోకి వస్తున్నందున, రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలోని అర్థశాస్త్ర, సామాజికశాస్త్ర, స్త్రీ అధ్యయన విభాగాల పరిశోధకులకు ఇది ఫలవంతమైన క్షేత్రం. సర్వే అంకెలను ఊరి అనుభవంతో సరిపోల్చి చూడగలిగినవారు ఈ పనికి ప్రత్యేకంగా అర్హులు.